రంగం రేవులో కలిసిన జాతులు

బహుళ సంస్కృతివాదం పాశ్చాత్యుల సొత్తు కాదనీ, యూరపువాళ్ళు నిన్న మొన్న నేర్చుకుంటున్న ఈ పాఠాన్ని ఆసియా ఏనాడో ఆచరించి చూపిందనీ ఒక వాదం మన విశ్వవిద్యాలయాల్లో బాగా చెల్లుబాటవుతూ వుంది. ఈమధ్య ఒక సదస్సులో ఒక ఆచార్యులవారు బ్రిటిషు పాలననాటి రంగూన్‌ను ఇందుకు నమూనాగా చూపించారు. పగోడాకు ఎదురుగా మసీదు, పక్క వీధిలో కోవెల, మరికాస్త దూరాన చర్చి. ఎవరి భాష వారిది, ఎవరి పండగ వారిది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చేతులు రాలేదు.

ఆచార్యులవారు చెప్పిన కట్టడాలు నిజమే, ఇప్పటికీ వున్నాయి. కాని గుళ్ళను లెక్కపెట్టి సమాజాన్ని అంచనా వెయ్యడం, గోడకు వేసిన సున్నం చూసి ఇంట్లోవాళ్ళు అన్నం తిన్నారో లేదో చెప్పడంలాంటిది.

ఆ రంగూన్‌ను దగ్గరగా చూసినవాడు ఫర్నివాల్. బర్మాలో సివిల్ సర్వీసు అధికారిగా పనిచేసిన ఇంగ్లీషువాడు. మన పక్షంవాడేమీ కాదు. ఆయన 1948లో ప్రచురించిన గ్రంథంలో ఈ ఏర్పాటుకు బహుళ సమాజమని పేరు పెట్టి, అందులోని జాతులు పక్కపక్కన మసలుతాయే తప్ప ఒకటి కావనీ, అవి మనుషులుగా కలుసుకునేది కొనడానికీ అమ్మడానికీ మాత్రమేననీ తేల్చాడు. అంటే ఆచార్యులవారు మెచ్చుకున్న వైవిధ్యాన్నే ఆయన జబ్బుగా గుర్తించాడు.

ఆ బజారులో మనవాళ్ళు అమ్ముకున్న సరుకు తమ రెక్కల కష్టం. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాలనుంచి మేస్త్రీలు అడ్వాన్సు చేతిలో పెట్టి ఓడెక్కించిన కూలీలు రంగం రేవులో బియ్యం బస్తాలు మోశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద వాళ్ళందరినీ అక్కడ కొరంగీలన్నారు. ఒక రేవు పేరు ఒక జాతికి తిట్టుగా మారిపోయింది.

1930 మే నెలలో ఆ తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు ఏం చేశాయి? అప్పటిదాకా రేవు దరిదాపులకు రానివ్వని బర్మా కూలీలను పిలిచి పని ఇచ్చాయి. సమ్మె పరిష్కారం కాగానే, మే 26న, ఇక మీతో పనిలేదు పొమ్మన్నాయి. ఆ ఉదయమే రేవులో కొట్లాట మొదలై వూరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, వాళ్ళలో అత్యధికులు మన కూలీలే. కూలి తేడా మిగుల్చుకున్న కంపెనీవాడి వొంటిమీద గీత కూడా పడలేదు. ఆచార్యులవారి పగోడా, మసీదు, కోవెల ఆనాడూ అక్కడే వున్నాయి.

ఇక్కడ మనవాళ్ళతో కూడా నాకు పేచీ వుంది. వర్గచైతన్యం లేక బర్మా కూలీ మోసపోయాడని చెప్పి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. అతను వట్టి అమాయకుడు కాడు. ఆ సంవత్సరం వడ్ల ధర కూలిపోయింది; తరవాతి ఏడెనిమిదేళ్ళలో దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల్లో పంటభూమి దాదాపు నాలుగోవంతు చెట్టియార్ల వశమయింది. పొలం పోగొట్టుకుని పట్నం చేరిన రైతుకు అప్పిచ్చినవాడూ ఇండియనే, రేవులో పనికి అడ్డుగా కనిపించినవాడూ ఇండియనే. ఈ ఇద్దరు ఇండియన్లు ఒకటి కాదని అతనికి చెప్పిన యూనియన్ ఏది? తెలుగు కూలీని తెలుగు మేస్త్రీ కట్టిపడేసి వున్నంతకాలం అటువంటి యూనియన్ పుట్టదు. మేస్త్రీ జాతి పేరుతోనే కూలీలను పోగు చేస్తాడు, అదే అతని పెట్టుబడి.

తరవాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1942లో జపాను సేనలు రాగా లక్షలమంది కాలినడకన అడవులగుండా ఇండియా దారి పట్టారు. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక మిగిలినవాళ్ళలో దాదాపు మూడులక్షలమందిని వెళ్ళగొట్టారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు అలా వచ్చిందే. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందునుంచి ఆ నేలమీద వున్న జాతులకే పూర్తి పౌరసత్వం అన్నది; ఆ మరుసటి ఏడే ఇంగ్లీషువాడితో మొదటి యుద్ధం మొదలయింది. ఆ లెక్కలో ఇమడని రొహింగ్యాలు 2017 ఆగస్టు తరవాత ఏడులక్షలకు పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ దేశం అధికారికంగా గుర్తించిన జాతులు మాత్రం నూట ముప్పయి అయిదు! వైవిధ్యానికి అక్కడేమీ లోటు లేదు.

సింగపూరు మాటేమిటని ఆచార్యులవారు అడగవచ్చు. నాలుగు అధికార భాషలు, 1989 నుంచి ప్రభుత్వ గృహసముదాయాల్లో జాతులవారీ కోటాలు. అల్లర్లు లేవు, నిజమే. దాన్ని తేలిక చెయ్యను. కాని చీనీ, మలయ్, ఇండియన్, ఇతరులు అనే నాలుగు పెట్టెలూ జనాభా లెక్కలద్వారా ఇంగ్లీషువాడు అలవాటు చేసినవే. అక్కడ ఇండియన్ భాష అంటే తమిళం. బళ్ళో దానికి బదులు అనుమతించిన అయిదు భారతీయ భాషల్లో తెలుగు లేదు. ఇక ఆ ఇళ్ళు కట్టడానికి పరదేశాలనుంచి పర్మిట్లమీద వచ్చే కూలీకి ఆ కోటాతో నిమిత్తమే లేదు. అతను డార్మిటరీలో పడుకుంటాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ దేశంలో అత్యధికం కేసులు ఆ డార్మిటరీల్లోనే బయటపడ్డాయి. అతని దగ్గర ముందే డబ్బు గుంజి విమానం ఎక్కించే దళారీని ఇప్పుడు ఏజెంటు అంటున్నారు, మేస్త్రీ అనడం లేదు.