కరవు సీమలో కడలి పాఠం

అనంతపురం చరిత్రలో ఒక సముద్రమున్నది. విజయనగర పాలకుడైన మొదటి బుక్కరాయల కాలంలో, అనగా పద్నాలుగవ శతాబ్దంలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడెయరు ఇక్కడ ఒక పెద్ద చెరువును కట్టించాడనీ, దాని అంచున వెలసిన ఊళ్లకు అనంతసాగరం, బుక్కరాయసముద్రం అనే పేర్లు వచ్చాయనీ ప్రసిద్ధి. ఆ చెరువుకట్ట మీద నిలిచినవారిలో కడలిని కన్నులారా చూసినవారు ఎందరో తెలియదు. అయినా నిండిన చెరువును వారు సముద్రమని పిలుచుకొన్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే నేల ఇది. నైరుతి పవనాలకు పడమటి కనుమలు అడ్డు నిలుస్తాయి. ఈశాన్య పవనాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలం కోల్పోతాయి. ఇట్టి సీమలో నీటికి సముద్రమని పేరు పెట్టడం అతిశయోక్తి కాదు, అది ఆశ.

ఈ సీమలోని జూనియర్ కళాశాల విద్యార్థులు తెడ్డు పట్టి చిన్న పడవ నడపడం నేర్వాలనీ, బృందంగా కూడి కడలి మీద పయనించి ఒక రాత్రి తీరాన గుడారాలలో గడపాలనీ ఎవరైనా అంటే, విన్నవారికి మొదట నవ్వు వస్తుంది. బిందెడు నీటికోసం గంటలకొద్దీ వేచి ఉన్న అనుభవం గల ఊళ్లలో పడవ విహారమేమిటన్న ప్రశ్న సహజమే. కాని నిదానించి ఆలోచిస్తే, నీరు సమృద్ధిగా ఉన్న చోటికంటే నీరు అరుదైన చోటనే ఈ విద్య ఎక్కువ అవసరమని తోస్తుంది.

కరవు సీమకు నీరు చెప్పి రాదు. ఏళ్ల తరబడి ఎండిన వంక ఒక్క రాత్రిలో ఏరై పొంగుతుంది. 2021 నవంబరు 19న చిత్రావతి వరదలో చిక్కుకొన్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టరుతో కాపాడవలసి వచ్చింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం నగరంలోని పలు కాలనీలు నీట మునిగినప్పుడు, ఎన్నడూ పడవ ఎక్కనివారు తమ వీధిలోనే పడవ ఎక్కవలసి వచ్చింది. చెరువులు నిండిన ఏడాది ఈత సరదాకు దిగిన విద్యార్థులు మునిగిపోయారన్న వార్తలు పత్రికలలో తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. ఆ పిల్లలను బలిగొన్నది నీరు మాత్రమే కాదు, నీటితో పరిచయం లేకపోవడం కూడా.

ఈ అపరిచయం పూర్వం ఇంతగా లేదు. పొలాల్లోని దిగుడుబావులలో నీరున్న రోజుల్లో, నడుముకు బెండ్లు కట్టుకొని, పెద్దవారు గట్టుమీద కాపు కాస్తుండగా పిల్లలు ఈత నేర్చుకొనేవారు. బోరుబావులు లోతుకు దిగినకొద్దీ భూగర్భజలం అడుగంటింది. దిగుడుబావులు ఎండి ముళ్లపొదలతో నిండాయి. బావితోపాటు ఈత కూడా ఊరు విడిచిపోయింది. పోయిన చదువును మరల తెచ్చుకోవడానికి నేటి కాలానికి తగిన బడి ఒకటి కావాలి. తెడ్డు పట్టే క్లబ్బు అట్టి బడి కాగలదు.

పడవ ఈ ప్రాంతానికి పరాయిది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని సందర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్రను దాటించే గుండ్రని బుట్టపడవలను వర్ణించాడు. లోపల బెత్తం, వెలుపల తోలు కప్పిన ఆ పడవలు మనుషులనే కాక పశువులను సైతం ఆవలి గట్టుకు చేర్చేవి. అరిగోలు అనీ, పుట్టి అనీ పిలిచే ఆ పడవలను రాయలసీమ జాలరులు నేటికీ ఎరుగుదురు. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జాతివారు సముద్రంలో వేటకోసం సీలు చర్మాన్ని చట్రానికి బిగించి కయాక్ అనే సన్నని పడవను తయారుచేశారు. ఒకటి మంచుసీమలో పుట్టింది, మరొకటి రాతిసీమలో తిరిగింది. రెండింటిలోనూ చట్రానికి చర్మం తొడగడమనే ఆలోచన ఒక్కటే. కనుక కయాక్ నడపడం సంపన్నుల వినోదంగా పుట్టినది కాదు, అన్నం వెతుక్కొనే మనిషి చేతిపని.

కడలి మీద రాత్రి బసతో కూడిన పయనం వేడుకలా కనిపించినా, దానిలో ఉన్నదంతా క్రమశిక్షణే. బయలుదేరడానికి ముందే వాతావరణ సూచనను, ఆటుపోట్ల వేళలను తెలుసుకోవాలి. ఏ దారిన పోతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఒడ్డున ఉండే ఒక బాధ్యునికి రాసి ఇవ్వాలి. పగలు ఎండ ముదిరేకొద్దీ కడలి నుంచి నేల వైపు గాలి వీస్తుంది. రాత్రివేళ అది నేల నుంచి కడలి వైపు మళ్లుతుంది. నేల వైపు నుంచి వీచే గాలి మోసకారి. ఒడ్డు దగ్గర నీరు నిశ్చలంగా కనిపిస్తుండగానే పడవను లోపలికి తోసుకుపోతుంది. పడవ తిరగబడితే ఒడ్డు వైపు ఈదబోక పడవనే పట్టుకొని ఉండాలన్నది మొదటి పాఠం. ఆ పాఠాన్ని లోతు తక్కువ నీటిలో పదేపదే సాధన చేసిన తరువాతనే ఎవరైనా కడలికి అర్హులవుతారు. సాయంకాలం గుడారం వేసేటప్పుడు కడపటి పోటు విడిచిపోయిన నాచుగీతను చూసి, దానికి బాగా పైన చోటు ఎంచుకోవాలి. గీతను చదవలేనివాని గుడారం అర్ధరాత్రి నీటి పాలవుతుంది.

ఆ బసలో అన్నింటికంటే విలువైన వస్తువు తాగునీరు. కనుచూపు మేర నీరే, కాని గుక్కెడు కూడా పనికిరాదు. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున లెక్కించినా, పదిమంది రెండు రోజులు గడపడానికి 80 లీటర్లు మోసుకుపోవాలి. దాని బరువే 80 కిలోలు. ఎవరి వాటా ఎంత, గంజి వార్చిన నీరు దేనికి, చేతులు దేనితో కడగాలి అన్న లెక్కలన్నీ అక్కడ మొదలవుతాయి. నగరపు కుళాయి కింద పెరిగిన విద్యార్థికి ఇది కొత్త పాఠం. అనంతపురం పల్లెబిడ్డకు మాత్రం ఇది ఇంటి విద్య. బిందెలో అడుగున మిగిలిన నీటిని మొక్కకు పోసే తల్లిని ఆ బిడ్డ చిన్ననాటినుంచీ చూసినవాడే. కరవూ కడలీ పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. మంచినీటి విలువ నేర్పడంలో మాత్రం రెండింటిదీ ఒకే పాఠం. కరవు సీమ విద్యార్థి కడలి బసకు పోతే నేర్చుకొనేవాడు మాత్రమే కాడు, తోటివారికి నేర్పేవాడు కూడా అవుతాడు. తన ఇంటి లేమిలో ఒక జ్ఞానం దాగి ఉన్నదని అతడు తొలిసారి గుర్తించే చోటు అదే కావచ్చు.

బృందపయనంలో మరొక గొప్ప నియమమున్నది. అందరిలోకీ నెమ్మదిగా తెడ్డు వేసేవారి వేగమే బృందం వేగం. ముందున్నవాడు గెలిచినవాడు కాడు. వెనుకనున్నవారిని విడిచి ముందుకు పోయినవాడు తప్పు చేసినవాడు. ఒకరు అలసితే రెండు పడవలను పక్కపక్కన చేర్చి నిలుపుతారు, అవసరమైతే తాడు కట్టి లాగుతారు. ర్యాంకుల వేటలో పక్కవాడిని పోటీదారుగానే చూడడానికి అలవాటుపడిన ఇంటర్మీడియట్ విద్యార్థికి ఇంతకంటే అవసరమైన పాఠం అరుదు. జర్మనీకి చెందిన ఆస్కార్ స్పెక్ 1932లో మడత కయాక్‌లో బయలుదేరి, భారత తీరం వెంట కూడా ప్రయాణించి, 1939లో ఆస్ట్రేలియాను చేరుకొన్నాడు. ఏడేళ్ల ఆ యాత్ర కూడా ఒక్కొక్క దినపు తెడ్డుపోటుతోనే, తీరం వెంబడి ఒక్కొక్క మజిలీతోనే సాగింది. పెద్ద గమ్యాన్ని చిన్న మజిలీలుగా పంచుకోవడం పరీక్షలకు మాత్రమే కాక బ్రతుకుకూ పనికివచ్చే విద్య.

దీనిపై రాగల ఆక్షేపణలు బలమైనవే, వాటిని తోసిపుచ్చరాదు. తాగునీటి జలాశయాలలో ఆటలు తగవని మొదటి ఆక్షేపణ. ఇది న్యాయమైనదే. పెన్నఅహోబిలం జలాశయం వంటివి వేలాది కుటుంబాల దాహం తీర్చే నిధులు. కాని తెడ్డుపడవకు నూనె లేదు, పొగ లేదు. అది నీటిని ఖర్చు చేయదు. నీటిపారుదల శాఖ అనుమతించిన చోటనే, ప్లాస్టిక్ ఒక్కటి కూడా విడువకుండా తిరిగి రావడం నియమంగా ఉండాలి. దినమంతా ఆ నీటిపై గడిపినవారే దానిలో చెత్త వేసేవారిని ముందుగా అడ్డుకొంటారు.

ప్రమాదమన్నది రెండవ ఆక్షేపణ. 2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి సుమారు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ దుఃఖాలను ఎవరూ మరువరాదు. అయితే వాటినుంచి నీటికి దూరంగా ఉండమన్న పాఠం ఒక్కటే తీసుకొంటే చాలదు. తన ప్రాణాన్ని సరంగు చేతిలో పెట్టి కూర్చొనే ప్రయాణికునికీ, లైఫ్ జాకెట్టు పట్టీలను తానే బిగించుకొని, గాలిని గమనించి, ఈ రోజు బయలుదేరరాదని చెప్పగల విద్యార్థికీ ఎంతో భేదమున్నది. వెనుదిరగడం పిరికితనం కాదని నేర్పని క్లబ్బు క్లబ్బే కాదు. తుపానులు వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కడలి వైపు చూడరాదు. శిక్షకుడు లేకుండా, ఈత రాకుండా, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరినీ తీసుకుపోరాదు.

ఆడపిల్లలకు ఇవెందుకన్నది మూడవ మాట. 2004 డిసెంబరు 26నాటి సునామీలో పలు తీరగ్రామాలలో పురుషులకంటే స్త్రీలే ఎక్కువమంది మరణించారు. ఎందరికో ఈత రాకపోవడం అందుకు ఒక కారణమని పరిశీలకులు గుర్తించారు. నీరు ఆడ, మగ భేదం చూడదు. ఈత నేర్పడంలో భేదం చూపినది సమాజమే. కనుక క్లబ్బులో తొలి స్థానాలు విద్యార్థినులవే కావాలి.

ఖర్చు మాటేమిటన్న ప్రశ్న మిగిలి ఉన్నది. ఒక్కొక్క విద్యార్థీ పడవ కొనవలసిన పని లేదు. నాలుగైదు కళాశాలలు కలిసి కొన్ని పడవలను, లైఫ్ జాకెట్లను ఉమ్మడిగా పెట్టుకోవచ్చు. రాఫెల్ నాదల్ పేరిట 2010లో అనంతపురంలో టెన్నిస్ పాఠశాల ప్రారంభమైనప్పుడు, వేరుశనగ చేల నడుమ టెన్నిస్ ఏమిటని నవ్వినవారు ఉండే ఉంటారు. పేద పల్లెల పిల్లలు రాకెట్ పట్టిన తరువాత ఆ నవ్వుకు చోటు లేకపోయింది. తెడ్డు రాకెట్‌కంటే ఈ నేలకు దగ్గరి వస్తువు.

క్రమం కూడా ముఖ్యమే. వానలు కురిసి ఊరి చెరువు నిండిన ఏడాది, మరవకు దూరంగా, గట్టు దగ్గర ఈతతో, చిన్న పడవతో మొదటి మెట్టు ప్రారంభం కావాలి. చెరువు నిండని ఏడాది విద్యార్థులు పూడిక తీయాలి. వంకను, తూమును చూసి పటం గీయాలి. అదీ ఈ క్లబ్బు పనే. అనుమతి ఉన్న జలాశయపు గట్టున ఒక రాత్రి బస రెండవ మెట్టు. మూడవ మెట్టు కడలి. జాలరుల సలహాతో, సముద్రం నెమ్మదించిన రోజులలో, తీరం విడువకుండా సాగే పయనమది. తాబేళ్లు గుడ్లుపెట్టే తీరాలలో మంటలు, దీపాలు వద్దన్న నియమాన్ని కూడా అక్కడ పాటించాలి.

నంది కొండలలో పుట్టిన పెన్న, అనంతపురం, కడప సీమలను దాటి దాదాపు 600 కిలోమీటర్లు పయనించి నెల్లూరు సీమలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. ఏడాదిలో ఎక్కువకాలం అది ఇసుకదారిగానే కనిపించవచ్చు. అయినా ఆ దారి ఈ కరవు సీమను కడలితో కలిపే ఉంచింది. అనంతపురం విద్యార్థి ఆ నది ముఖద్వారం దగ్గర, ఒక తెల్లవారుజామున, గుడారం ముందు నిలిచి సూర్యోదయాన్ని చూచిన నాడు, తన ఊరి ఎండిన వంక ఎటు పోతున్నదో అతనికి తెలుస్తుంది. ఆ నీరు తన ఊరి చెరువులో ఎందుకు నిలవలేదన్న ప్రశ్న కూడా అప్పుడే పుడుతుంది. ఆ ప్రశ్నతో ఇంటికి తిరిగివచ్చే యువతీయువకులే చెరువులకు మరల సముద్రమన్న పేరును సార్థకం చేయగలరు.