హరిత హైడ్రోజన్‌తో ఉపాధి – నైపుణ్య శిక్షణే కీలకం

విశాఖపట్నం: 2070 నాటికి నికర శూన్య కర్బన ఉద్గారాల స్థాయిని సాధించాలన్నది దేశ లక్ష్యం. ఇందుకై కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో రూ.19,744 కోట్ల వ్యయంతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి, 6 లక్షలకు పైగా ఉద్యోగాల కల్పన దీని ధ్యేయం.

రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 7.5 లక్షల మందికి ఉపాధిని లక్ష్యంగా నిర్దేశించుకొన్నది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో సుమారు రూ.1.85 లక్షల కోట్ల పెట్టుబడితో తలపెట్టిన హరిత హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు.

నిర్మాణ దశలో లభించే పనులు తాత్కాలికమైనవి. విద్యుద్విశ్లేషణ యంత్రాల నిర్వహణ, వాయు భద్రత, నీటి శుద్ధి వంటి శాశ్వత ఉద్యోగాలకు ప్రత్యేక నైపుణ్యం అవసరం. ఉత్పత్తి ఆరంభానికి ముందే ఐ.టి.ఐ., పాలిటెక్నిక్‌లలో తగిన శిక్షణ అందినప్పుడే తీరప్రాంత యువతకు ఆ ఉద్యోగాలు దక్కగలవు.