రాసిచ్చిన పొలం తిరిగి వచ్చేనా?

కొడుక్కో, కూతురికో, తమ్ముడి కొడుక్కో పొలం రాసిచ్చిన వృద్ధులు కొన్నాళ్ళకే రిజిస్ట్రారు ఆఫీసుకు తిరిగివచ్చి, ఆ కాగితం కొట్టేయించే దారి ఏదైనా వుందా అని దస్తావేజు లేఖరులను అడగడం మన పల్లెలకు కొత్త కాదు. రాసేనాడు కారు కట్టించి తీసుకువచ్చినవారు ఈసారి వెంట వుండరు.

చాలామంది వీలునామాకూ, దాన సెటిల్‌మెంటుకూ తేడా తెలియకుండానే వేలిముద్ర వేస్తున్నారు. వీలునామాను బ్రతికి వున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. రిజిస్టరు అయి, పుచ్చుకున్నవారు అంగీకరించిన దానం అలా కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇచ్చినవారి మనసు మారినంత మాత్రాన అది రద్దు కాదు. మోసమో, బలవంతమో జరిగితే సివిలు కోర్టులో దావా వేయాలి. సంగతి తెలిసిన నాటినుంచి మూడేళ్ళు దాటితే ఆ దారీ మూసుకుపోతుంది. అవతలివారి సంతకం లేకుండా రాయించుకునే రద్దు కాగితాలతో పొలం రాదు సరికదా, చేతిలోని డబ్బు కూడా పోతుంది.

అరవై ఏళ్ళు నిండినవారికి వేరొక దారి వుంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను అది. చూసుకుంటామనే షరతు మీద, ఆ చట్టం అమలులోకి వచ్చాక ఆస్తి పుచ్చుకుని, తిండీ బట్టా కూడా చూడకపోతే, ఆ బదిలీ మోసంతో జరిగినట్టే లెక్క. ఆర్.డి.ఓ. స్థాయి అధికారి వుండే ట్రిబ్యునలు దానిని రద్దు చేయవచ్చు. అక్కడ ప్లీడరు అక్కరలేదు. దరఖాస్తు పెద్దవారే పెట్టుకోవచ్చు. చేతకాకపోతే వారు నియమించినవారు పెట్టవచ్చు. ట్రిబ్యునలులో న్యాయం జరగలేదనుకుంటే అరవై రోజులలో కలెక్టరు వద్దకు అప్పీలు.

చిక్కంతా ఆ షరతు దగ్గరే. షరతు వున్నట్టు రుజువు కానిదే ఈ సెక్షను వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో మాత్రం, కొడుకు ఆమెను చూసుకుంటానని రాసిచ్చిన పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఆస్తిని తిరిగి ఆమెకే అప్పగించమంది. వృద్ధుల మేలు కోరి చేసిన చట్టాన్ని వారికి మేలు జరిగేలాగే చదవాలని ఆ తీర్పు సారాంశం.

కన్నకొడుకు చేత షరతు రాయించుకోవడమా అని మనవాళ్ళు సిగ్గుపడతారు. పెళ్ళి సంబంధంలో కట్నకానుకలు పైసలతో సహా మాట్లాడుకునేటప్పుడు లేని సిగ్గు ఇక్కడ ఎందుకో! అయితే తప్పంతా కొడుకులదే అనడమూ న్యాయం కాదు. ఒకడికి రాసిచ్చాక మిగిలినవారు ఎగదోస్తే రద్దుకు బయలుదేరే పెద్దలూ వున్నారు. ఏళ్ళ తరబడి అన్నం పెట్టిన కోడలు ఆ తగాదాలో దోషిగా నిలబడవలసి వస్తోంది.

రిజిస్టరు చేసే అధికారి రాసిచ్చే వృద్ధుణ్ణి ఒక్క అయిదు నిమిషాలు విడిగా కూర్చోబెట్టి, ఇది వీలునామా కాదని, ఇక పొలం తనది కాదని చదివి వినిపించాలి. పోషణ షరతు, బ్రతికి వున్నంతకాలం అనుభవించే హక్కు రాయించుకున్నారా అని అడగాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, కొత్త ఖర్చూ లేదు. ట్రిబ్యునలు విచారణలు నెలకొకసారి మండల కేంద్రంలో జరిపినా, నడవలేని ముసలివాళ్ళు బస్సులెక్కి డివిజను కేంద్రం దాకా పోయే బాధ తప్పుతుంది.