తాత వాచీ ఎవరిది?

మన హాస్టల్లో ఉండి చదువుకున్న వాళ్లకు ఇంటి దగ్గర ఒక ఉద్యోగం అడగకుండానే వచ్చి పడుతుంది. దానికి జీతం ఉండదు. ఏ తగువు వచ్చినా, ఏ కాగితం వచ్చినా, ఏ వస్తువు అమ్మాలన్నా "చదువుకున్నోడివి నువ్వే చెప్పు", "చదువుకున్నదానివి నువ్వే చెప్పు" అంటారు. ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చిన మా బోటి వాళ్లందరికీ ఇది అనుభవమే. అట్లా మా ముందుకు వచ్చిన ప్రశ్నల్లో ఒకటి చూడటానికి చాలా చిన్నది. తాత చేతి వాచీ ఉంచుకోవాలా, అమ్మేయాలా?

మన ఇళ్లలో తరతరాలుగా వచ్చే ఆస్తి అంటూ పెద్దగా ఏమీ ఉండదు. పట్టా ఉండదు. తాతముత్తాతల ఫొటో ఉండదు. ఉంటే ఒక ఇత్తడి బిందె, ఒక జత వెండి కడియాలు, రేకు పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన హెచ్‌ఎంటీ వాచీ. పెద్దవాళ్లు పోయాక దినవారాలు కాగానే ఆ పెట్టె తెరుస్తారు. అప్పుడు మొదలవుతుంది మాటా మాటా.

ఈ వాచీ మన ఇళ్లలోకి ఎట్లా వచ్చిందో ముందు చూద్దాం. హెచ్‌ఎంటీ కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1953లో బెంగళూరులో మొదలైంది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో అక్కడే చేతి వాచీల తయారీ ప్రారంభించింది. మొదటి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, కోహినూర్ అనే పేర్లతో వచ్చిన ఆ వాచీలకు బ్యాటరీ ఉండదు. రోజూ పొద్దున కీ ఇవ్వాలి. ఒకప్పుడు చేతికి వాచీ ఉన్నవాడంటే ఊళ్లో ఒక లెక్క. టీచరుకు ఉండేది, పోస్టుమ్యానుకు ఉండేది, పటేలుకు ఉండేది. మనవాళ్ల చేతికి వాచీ వచ్చిందంటే అది టైము చూసుకోవడానికి మాత్రమే కాదు. ఎండ పొడను చూసి పనిలోకి దిగి, దొర పొమ్మన్నప్పుడు ఇంటికి వచ్చిన మనిషి తన గంటలు తాను లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడని దాని అర్థం.

ఆ కంపెనీ కథ కూడా ముగిసింది. బ్యాటరీ వాచీలు వచ్చాక వెనకబడి, నష్టాల్లో కూరుకుపోయింది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసెయ్యడానికి ఒప్పుకుంది. హెచ్‌ఎంటీ బేరింగ్స్ కూడా అదే నిర్ణయంలో మూతపడింది. మూతపడ్డ తర్వాతే పాత వాచీలకు గిరాకీ పెరిగింది. అందుకే ఇప్పుడు పల్లెల్లో కూడా "మీ తాత వాచీ ఉందా, అమ్ముతావా" అని అడిగేవాళ్లు కనిపిస్తున్నారు.

అమ్మాలనే వాళ్ల మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. కడుపు కాలుతున్నప్పుడు జ్ఞాపకాలు నెమరేసుకుంటూ కూర్చోలేం. పెట్టెలో పడి ఉన్న వాచీ నడవదు, అన్నం పెట్టదు. అసలు మన చదువులే అమ్మకాల మీద సాగాయి. మన సర్టిఫికెట్ల వెనక ఎవరి కమ్మలున్నాయో, ఎవరి పుస్తెలు కుదువబడి ఉన్నాయో మనకు తెలియదా? అమ్మ తన కమ్మలు అమ్మి పరీక్ష ఫీజు కట్టినప్పుడు లేని బాధ, తాత వాచీ అమ్మితే ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా "వాచీ అంటే తాత జ్ఞాపకం" అని కన్నీళ్లు పెట్టుకుంటే లాభం లేదు. అవసరానికి అమ్ముకున్న వాళ్లను చిన్నచూపు చూసే హక్కు మనలో ఎవరికీ లేదు.

ఉంచుకోవాలనే వాళ్ల మాటలోనూ నిజం ఉంది. బంగారం అమ్మితే తూకానికి డబ్బు వస్తుంది. స్టీలు వాచీకి తూకం లేదు. మండలంలో కొట్టువాడు ఎంతంటే అంత. ఆ డబ్బు నెల తిరగకుండా అయిపోతుంది, వస్తువు మళ్లీ రాదు. పైగా మన పెద్దలు బతికారనడానికి, కష్టపడ్డారనడానికి రుజువులు మన దగ్గర చాలా తక్కువ. వాళ్ల పేరు మీద రాతకోతలు లేవు. ఉన్న ఒక్క రుజువునూ కొట్టువాడి బల్ల మీద పెట్టి వస్తామా అని వాళ్లు అడుగుతారు.

రెండు పక్షాలూ గట్టిగానే మాట్లాడతాయి. అయితే రెండు పక్షాలూ ఒక ప్రశ్న వదిలేస్తున్నాయని మా అభిప్రాయం. ఉంచాలా అమ్మాలా అనేది తర్వాత. ముందు ఆ వాచీ ఎవరిది?

మాలో ఒక మిత్రుడి ఇంట్లో జరిగింది చెబుతాం. వాళ్ల తాత పోయి మూడేళ్లయింది. చెల్లెలికి నర్సింగులో సీటు వచ్చింది. ఇంటర్ చదివిన కాలేజీ వాళ్లు బకాయి కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. తొమ్మిది వేలు కావాలి. చిన్నాన్న వాచీ అమ్ముదామన్నాడు. కొట్టులో చూపిస్తే ఐదు వందలన్నారు. పాత వాచీలు కొనేవాడొకడు రెండు వేల దాకా ఇస్తానన్నాడు. పెదనాన్న ఒప్పుకోలేదు. పెద్ద కొడుకుగా అది తనకు రావాలన్నాడు. రెండు రోజులు కొట్లాడి చివరికి మా మిత్రుడి వైపు తిరిగి "చదువుకున్నోడివి నువ్వే చెప్పు" అన్నారు. వాడు నాయనమ్మ వైపు చూశాడు. అప్పటిదాకా ఆమెను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆమె చెప్పిన మాట ఇది: "అది మీ తాత కొన్నది కాదు బిడ్డా. నా పెండ్లికి సైకిలు, వాచీ అడిగిన్రు. మా అయ్య యాడాది జీతం ముందుగాల్నే తెచ్చి కొన్నడు. ఆ జీతం తీరేదాకా దొరింట్ల పనిజేసిండు. ఆడపిల్ల కోసం కొన్నది, ఆడపిల్లకే పోవాలె."

ఆ పెళ్లి 1974లో జరిగింది. వెట్టిచాకిరి రద్దు చట్టం అప్పటికింకా రాలేదు, 1976లో వచ్చింది. ఒక మనిషి ఏడాది చాకిరీ ఇంకొక మనిషి మణికట్టు మీద యాభై ఏళ్లు తిరిగింది. పేరు మాత్రం "తాత వాచీ".

మిత్రులారా, ఇది ఒక్క ఇంటి కథ అనుకోకండి. సైకిలు, వాచీ, రేడియో అనేవి ఒక తరం పెళ్లిళ్లలో అడిగి పుచ్చుకున్న వస్తువులు. మీ ఇంట్లో ఉన్న వాచీ ఎట్లా వచ్చిందో అడిగి చూడండి. చాలా ఇళ్లలో జవాబు నాయనమ్మ పెళ్లి దగ్గర ఆగుతుంది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది కూడా 1961లోనే. హెచ్‌ఎంటీ వాచీ, ఆ చట్టం ఒకే ఏడు పుట్టాయి. ఆ చట్టంలో ఆరో సెక్షన్ ఒకటుంది. కట్నంగా ఇచ్చినది వేరే ఎవరి చేతికి వచ్చినా దాన్ని ఆ స్త్రీకి అప్పగించాలని, అప్పగించేదాకా ఆమె మేలు కోసమే ఉంచాలని, అది అందక ముందే ఆమె చనిపోతే ఆమె వారసులకు చెందుతుందని చెబుతుంది. కట్నం తీసుకోవడం నేరమని అందరికీ తెలుసు. తీసుకున్నది ఆమెదేనని ఎంతమందికి తెలుసు?

ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా మన రాష్ట్రంలో 1986 సవరణతో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మంచిదే. కాని పంచుకోవడానికి భూమే లేని ఇళ్లలో ఆ చట్టం పంచేది ఏముంటుంది? మన ఇళ్లలో పంపకానికి వచ్చేవి బిందె, కడియాలు, వాచీ. సమానత్వం మొదలవ్వాలంటే అక్కడే మొదలవ్వాలి.

హెచ్‌ఎంటీ పేరుతో మనకు బాగా తెలిసినది ఇంకొకటుంది, హెచ్‌ఎంటీ బియ్యం. ఆ వరి వంగడాన్ని కనిపెట్టినవాడు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాకు చెందిన దాదాజీ ఖోబ్రగడే అనే దళిత రైతు. ఉన్నది ఎకరంన్నర భూమి. 1983లో తన పొలంలో తేడాగా కనిపించిన కంకులు ఏరి, ఏటేటా విత్తనం వేరు చేసి పెంచాడు. ఆ రోజుల్లో అందరి నోటా ఉన్న వాచీ పేరే ఆ వరికి వచ్చింది. తర్వాత ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ విత్తనం తీసుకుని, దానికి ముందు తన పేరు చేర్చి విడుదల చేసింది. ఆయనకు ప్రభుత్వం ఇచ్చిన బంగారు పతకాన్ని ఇబ్బందుల్లో అమ్మబోతే అది అసలు బంగారం కాదని తేలినట్టు అప్పట్లో పత్రికలు రాశాయి. 2018లో ఆయన చనిపోయాడు. చెమట ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం మనకు బయటి లోకం చేసిన అన్యాయం. అదే అన్యాయం మన ఇంటి లోపల, మన నాయనమ్మకు మనమే చేస్తే?

2009 మార్చిలో న్యూయార్క్‌లో గాంధీ గారి జేబు గడియారం, కళ్లద్దాలు, చెప్పులు కలిపి వేలం వేస్తే పద్దెనిమిది లక్షల డాలర్లు పలికాయి. ఆ గడియారానికి అంత ధర లోపలున్న పళ్లచక్రాల వల్ల రాలేదు, అది ఎవరిదో లోకానికి తెలుసు కాబట్టి వచ్చింది. మన ముత్తాత ఎవరో లోకానికి తెలియదు. కనీసం మనకైనా తెలియాలి కదా!

అందుకని మా మాట ఇది. ఇంట్లో వాచీ పంచాయితీ వచ్చి మనల్ని తీర్పు అడిగితే, వెంటనే తీర్పు చెప్పకండి. అది ఎట్లా వచ్చిందో ముందు అడగండి. దాని కోసం ఎవరు అప్పు చేశారు, ఎవరు జీతం ఉన్నారు, ఎవరి పెళ్లికి వచ్చింది? నాయనమ్మ, అమ్మమ్మ బతికి ఉంటే మొదటి మాట ఆమెది. ఆమె అమ్మమంటే అమ్మండి. ఉంచమంటే ఉంచండి. ఆమె లేకపోతే ఇంటి ఆడపిల్లల మాట వినకుండా ఆ పెట్టె మూత తియ్యకండి.

అమ్మక తప్పని పరిస్థితి వస్తే దేనికి అమ్ముతున్నామో చూసుకుందాం. పరీక్ష ఫీజుకు, వైద్యానికి అయితే సిగ్గుపడే పని లేదు. కొత్త సెల్‌ఫోన్‌కు, ఫంక్షన్‌కు అయితే ఆ ముత్తాత ఏడాది చాకిరీని ఒక్క పూటలో తినేసినట్టే. మొదటి కొట్టులో చెప్పిన ధరకు ఇవ్వకండి, నలుగురిని అడగండి. డయలు మీద కొత్తగా రంగు వేయించకండి, మొదటి డయలు ఉన్నదానికే విలువ. వడ్డీ వ్యాపారి దగ్గర కుదువ మాత్రం పెట్టకండి. వడ్డీ కట్టలేక వదిలేస్తే డబ్బూ దక్కదు, వాచీ దక్కదు. అమ్మే ముందు ఒక ఫొటో తీసి, దాని కథ ఒక నోటుబుక్కులో తేదీలతో సహా రాసి పెట్టండి. రాయడం వచ్చిన మొదటి తరం మనమే. ఆ పని మనం చెయ్యకపోతే ఇంకెవరూ చెయ్యరు.

ఉంచుకుంటే పెట్టెలో ఉంచకండి. నడవని వాచీ తుప్పు పడుతుంది. బాగుచేసే మనిషి దగ్గర ఒకసారి నూనె వేయించి, నీళ్లు తగలకుండా చూసుకుంటూ, రోజూ కీ ఇచ్చి పెట్టుకోవాలి. పెట్టుకోవాల్సింది పెద్ద కొడుకే అని ఏ శాస్త్రంలోనూ లేదు. అవసరం ఎవరికి ఉంటే వాళ్లు పెట్టుకోవాలి.

మా మిత్రుడి ఇంట్లో చివరికి రెండు మేకలు అమ్మి సర్టిఫికెట్లు తెచ్చారు. మేకలు మళ్లీ వస్తాయి అంది నాయనమ్మ. వాచీ చెల్లెలికి ఇచ్చారు. నర్సింగు చదివే పిల్లకు సెకన్ల ముల్లు ఉన్న వాచీ లేనిదే పని జరగదు. రోగి మణికట్టు పట్టుకుని నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టాలి. దొర గంటల లెక్కన చాకిరీ చేసిన మనిషి కొన్న వాచీ ఇప్పుడు ఆయన మునిమనవరాలి చేతి మీద రోగుల నాడి లెక్కపెడుతోంది. ఐదు వందలు ఎక్కువా, రెండు వేలు ఎక్కువా అని కొట్లాడిన చిన్నాన్న, పెదనాన్న ఇద్దరూ ఇప్పుడు ఆ పిల్ల సెలవులకు వస్తే "టైమెంతయింది బిడ్డా" అని ఆమెనే అడుగుతున్నారు.

ఈ సంచిక చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో రేకు పెట్టె ముందు కూర్చోండి. నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కొక్క వస్తువు తీసి "ఇది ఎక్కడిది?" అని అడగండి. ఆమె చెబుతుంటే రాసుకోండి. మన చరిత్ర పుస్తకాల్లో లేదని బాధపడుతూ ఉంటాం. అందులో కొంత ఆమె నోట ఉంది. ఆమెను అడిగే తీరిక మాత్రం మనమే చేసుకోవాలి.