పట్టా ఒక్కటే, నాలుగు క్యాంపస్‌లూ ఒక్కలాగే ఉండాలి

ఆంధ్రప్రదేశ్ ఆర్జీయూకేటీ ఉపకులపతి గారికి,

మా పల్లెల్లో ట్రిపుల్ ఐటీ అంటేనే తెలిసే మీ విశ్వవిద్యాలయాన్ని 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం పెట్టారు. పదో తరగతి మార్కులు చూసి చేర్చుకుంటారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. అంటే పదిహేను, పదహారేళ్లకే ఇల్లు వదిలిన పిల్లకు ఆరేళ్లపాటు హాస్టలే ఊరు. మామూలు ఇంజనీరింగ్ కాలేజీకి సరిపోయే ఏర్పాట్లు ఇక్కడ చాలవు.

నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం నాలుగింటికీ పట్టా ఒక్కటే. సౌకర్యాలూ ఒక్కలాగే ఉండాలనడం అత్యాశ కాదు. మెస్, ల్యాబ్‌లు, వైద్యం గురించి ప్రతి సెమిస్టర్ చివర విద్యార్థుల అభిప్రాయం తీసుకుని, క్యాంపస్‌లవారీగా నోటీసు బోర్డులో పెట్టించండి. పేరు మాత్రం రాయమనకండి. పేరు అడిగితే అందరూ ‘బాగుంది’ అనే రాస్తారు.

అన్నిటికన్నా గట్టి సమస్య మొదటి ఏడాది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ పాఠం అర్థం కాకపోతే, ఆ మాట బయటికి చెప్పడానికే సిగ్గు. బడిలో ఫస్టొచ్చిన పిల్లలు కదా! మార్కులతోనూ క్రమశిక్షణతోనూ సంబంధం లేని, తెలుగులో మాట్లాడే కౌన్సిలర్లు ప్రతి క్యాంపస్‌లో కావాలి. సాయంత్రాలు సీనియర్లతో పాఠాలు చెప్పించండి. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఆ గడువును ప్రతి హాస్టల్ గోడమీదా రాయించండి. కొత్త బ్యాచ్ చేరేలోపు కౌన్సిలర్ల నియామకమైనా పూర్తిచేయాలని మనవి.

ఇట్లు,
పదో తరగతికి పాఠాలు చెప్పే ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు