మాస్కు తీయక తప్పని వైద్యం

కొవిడ్ కాలంలో జ్వరానికీ దగ్గుకూ డాక్టరు ఆరడుగుల దూరాన నిలబడి మందు రాయగలిగాడు. పంటి డాక్టరుకు ఆ వెసులుబాటు లేదు. రోగి మాస్కు తీయాలి, నోరు బార్లా తెరవాలి, డాక్టరు ఆ నోటి మీదికి వంగాలి. పైగా పన్ను తొలిచే ఎయిరోటర్ నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగుతుంది. అది వేడెక్కకుండా మొన దగ్గర నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. ఆ నీళ్లు ఉమ్మితో కలిసి కంటికి ఆనని తుంపరై గదిలో తేలుతాయి. 2020 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ ఏ వృత్తికి ఎంత ముప్పో లెక్కగట్టినప్పుడు దంతవైద్య సిబ్బంది పైవరసలో కనిపించారు. భయపడటంలో తప్పేమీ లేదు. కానీ ఆ భయానికైన ఖర్చంతా రోగి మీదా, చిన్న క్లినిక్కు మీదా పడింది. ప్రభుత్వం సలహాలిచ్చి ఊరుకుంది.

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్‌లలో ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మూసారంబాగ్ నుంచి మెట్రో పిల్లర్ల వెంట వస్తే చైతన్యపురి, కొత్తపేట దాటేలోపు ఎన్ని డెంటల్ బోర్డులో! కోచింగ్ సెంటరు పక్కన ఒకటి, చీరల షాపు పైన ఒకటి. ఒకటి రెండు కుర్చీలు, బ్యాంకు లోను, నెలనెలా అద్దె, ఒక అసిస్టెంటు. ఈ ప్రాంతపు దంతవైద్య వ్యవస్థ అంటే చాలావరకు ఇదే. సర్కారు తరఫున పెద్ద దిక్కు అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రి పక్కనున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ. 2020 మార్చి 22న ఆగిన మెట్రో మళ్లీ సెప్టెంబర్ 7న గానీ కదల్లేదు. సొంత బండి లేనివాడికి అఫ్జల్‌గంజ్ ఆ అయిదున్నర నెలలూ ఏ పక్క రాష్ట్రంలోనో ఉన్నట్టే. హాస్టళ్ల పిల్లలైతే మార్చి నెలాఖరులోనే పోలీసు పాసుల కోసం బారులు తీరి, ఆంధ్రా సరిహద్దున గరికపాడు దగ్గర చిక్కుకుపోయారు. పళ్లకు క్లిప్పులు వేయించుకుని, నెలకోసారి బిగింపుకు రావాల్సినవాళ్లు వాళ్లలో ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు.

కేంద్ర ఆరోగ్యశాఖ దంతవైద్యుల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది 2020 మే 19న. కంటైన్‌మెంట్ జోన్‌లో క్లినిక్కు మూసేయాలి, ఫోన్లో సలహా ఇవ్వొచ్చు. రెడ్‌జోన్‌లో అత్యవసర చికిత్సలే చేయాలి. మే మొదట్లో హైదరాబాద్, రంగారెడ్డి రెండు జిల్లాలూ రెడ్‌జోన్లే. అప్పుడే వనస్థలిపురం కాలనీలు కొన్ని కంటైన్‌మెంట్‌లోకి వెళ్లాయి. కాగితం మీద అంతా సవ్యమే. అయితే ఫోన్ సలహా సంగతి చూడండి. అదే ఏడాది మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనలు 1956 నాటి మెడికల్ కౌన్సిల్ చట్టం కింద నమోదైన వైద్యులను ఉద్దేశించినవి. దంతవైద్యులు నమోదైంది 1948 నాటి డెంటిస్టుల చట్టం కింద. ఫోన్లో చూడమని ఒక కాగితం చెప్పింది. చూసేవాడికి రక్షణగా ఉండాల్సిన కాగితంలో అతని పేరే లేదు.

అసలు చిక్కు ‘అత్యవసరం’ దగ్గర ఉంది. పిప్పిపన్ను అర్ధరాత్రి పోటు పెడితే దాన్ని నిలబెట్టే మార్గం రూట్ కెనాల్, దానికి ఎయిరోటర్ కావాలి. పీకేయడానికి చాలాసార్లు దాని అవసరమే ఉండదు. తుంపరను తగ్గించాలన్న నియమం నిలబెట్టదగిన పన్నును కూడా పీకుడు వైపు నెట్టింది. అదీ కుదరనివాళ్లు మెడికల్ షాపుకెళ్లి నొప్పి గోళీ, యాంటీబయాటిక్ కొనుక్కున్నారు. వేరులో చీము ఉన్నప్పుడు గోళీతో నొప్పి తగ్గుతుందే గానీ జబ్బు తగ్గదు. ఇంగ్లండ్‌లో కూడా 2020 మార్చి 25 నుంచి జూన్ 8 దాకా మామూలు దంతవైద్యం ఆగింది. అక్కడ ప్రభుత్వమే అత్యవసర దంత కేంద్రాలు తెరిచింది. అయినా డెంటిస్టులు రాసే యాంటీబయాటిక్స్ పెరిగాయి. పెరిగినట్టు తెలిసింది కూడా చీటీల లెక్క ఉంది కాబట్టే. చీటీ లేకుండానే గోళీలు దొరికే మన దగ్గర ఆ నష్టం ఏ ఖాతాలోకీ ఎక్కలేదు.

ఇంతా చేసి, అనుకున్నంత ముప్పు వచ్చిందా? అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2020 జూన్‌లో దాదాపు 2,200 మంది డెంటిస్టులను సర్వే చేస్తే కొవిడ్ సోకినవాళ్లు ఒక శాతం లోపే తేలారు. మాస్కు, ముఖకవచం, రోగిని ముందే వాకబు చేయడం పనిచేశాయి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో ఆ తుంపరను పరీక్షిస్తే అందులోని సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం యంత్రపు నీళ్లలోవే, ఉమ్మిలోవి చాలా తక్కువ. నీళ్ల గొట్టాల శుభ్రత, బలమైన సక్షన్, గాలి బయటికి పోయే దారి ముఖ్యమన్నమాట. మే 19 కాగితం కూడా కిటికీలు తెరవమంది, ఎగ్జాస్ట్ పెట్టమంది, పని జరిగేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ వద్దంది. కానీ కాంప్లెక్సు మొదటి అంతస్తులో అద్దాల పార్టిషన్ వెనక ఉన్న గదికి కిటికీ ఏదీ? దాంతో డబ్బు కనిపించే వస్తువుల మీదికి పోయింది. తెల్లటి పీపీఈ కిట్టు వేసుకున్నారు, దాని ఖర్చు బిల్లులో వేశారు. నా ఉద్దేశంలో ఎగ్జాస్ట్ ఫ్యాను వంద కిట్లతో సమానం. కాకపోతే దాన్ని చూసి రోగికి ధైర్యం రాదు.

అన్నిటికంటే బాధించే సంగతి అదే కాగితంలో ఒక వాక్యంగా ఉంది. నోటి పరీక్ష ప్రమాదకరం కాబట్టి జాతీయ కార్యక్రమం కింద జరిగే నోటి క్యాన్సర్ స్క్రీనింగ్‌ను వాయిదా వేయమన్నారు. గుట్కా, జర్దా ఇంతగా నమిలే దేశంలో చెంప లోపలి తెల్లమచ్చను ముందుగా చూసేది పంటి డాక్టరే. పన్ను నెల్లాళ్లు ఓర్చుకుంటుంది, ఆ మచ్చ ఓర్చుకోదు.

మరుసటి ఏడాది పంటి డాక్టరు కళ్ల విలువ మరోరకంగా తెలిసొచ్చింది. 2021 మే 20న తెలంగాణ బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి దానికి ప్రధాన కేంద్రమైంది. షుగరు ఎక్కువై, కొవిడ్‌కు స్టెరాయిడ్లు వాడినవాళ్లకు అది ముక్కు పక్క గదుల్లో మొదలై పైదవడకు దిగుతుంది. పై పళ్లు కదులుతాయి, చెంప మొద్దుబారుతుంది, అంగిలి నల్లబడుతుంది. అలాంటి మనిషి నేరుగా కోఠికి పోడు. పన్ను కదులుతోందని వీధి చివరి డెంటల్ క్లినిక్కుకే వస్తాడు. అప్పుడు మే 12 నుంచి లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. వైద్యానికి మినహాయింపు ఉన్నా జనం గడప దాటడానికి జంకారు. క్లినిక్కు తెరిచి ఉందా, డాక్టరు పన్ను పీకి పంపేశాడా, లేక ‘కొవిడ్ వచ్చి తగ్గిందా, షుగరెంత, స్టెరాయిడ్లు వాడారా’ అని అడిగి కోఠికి పంపాడా? కంటిదాకా పాకే జబ్బులో తేడా అక్కడే వస్తుంది. ఆ మూడు ప్రశ్నలు అడగమని ప్రతి క్లినిక్కుకూ జిల్లా వైద్యాధికారి నుంచి ఒక పేజీ కాగితం వెళ్తే చాలు. దానికి కిట్టు కూడా అక్కర్లేదు.

క్లినిక్కులు ప్రైవేటు వ్యాపారాలు, వాటి బాగోగులు సర్కారుకెందుకు అనేవాళ్లున్నారు. వాళ్ల వాదన కొంతవరకు నిజం. లోను తీసుకున్నవాడు నష్టమూ భరించాలి. కానీ ప్రజలకు వేరే దారి చూపించనప్పుడు ఆ మాట నిలవదు. ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా బయటి రోగికి చేసే పంటి వైద్యాన్ని పక్కన పెడతాయి. కాబట్టి నొప్పి వచ్చినవాడు జేబు తడుముకోవాల్సిందే.

చేయదగినవి పెద్ద పనులేమీ కావు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్‌ల దారికి ఒక కొసన మలక్‌పేట ఏరియా ఆస్పత్రి, ఇంకో కొసన వనస్థలిపురం ఏరియా ఆస్పత్రి ఉన్నాయి. ఒక్కోదాంట్లో గాలి బయటికి లాగే ఒక గది, ఒక కుర్చీ, ఒక సక్షన్ సిద్ధంగా ఉంచి, మహమ్మారి వచ్చిననాడు చుట్టుపక్కల ప్రైవేటు డెంటిస్టులను వంతుల మీద రోజు కూలీ ఇచ్చి కూర్చోబెట్టొచ్చు. కొత్త క్లినిక్కు రిజిస్ట్రేషనుకు వచ్చినప్పుడు ఎక్స్‌రే మిషన్ కాగితాలతోపాటు గాలి పోయే దారీ చూడాలి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. దాని ప్లానులో దంతవిభాగం ఎక్కడుందో, అక్కడి గాలి ఎటు పోతుందో ఎల్‌బీ నగర్ నియోజకవర్గం వాళ్లు అడిగి తెలుసుకోవాలి.