మృగములకు కుడియెడమలు లేవు

న్యూజిలాండు కొండలలో కాలినడకన తిరుగువారి కొరకు ఆ దేశ ప్రభుత్వము నిర్వహించుచున్న మజిలీ యిండ్లు కలవు. దేశమంతటను అట్టివి 900కు పైబడి యున్నవి. పగలంతయు నడచి వచ్చినవారు సాయంకాలము అక్కడ చేరి, బురద బూట్లు గడప బయట విడిచి, టీ కాచుకొని, ఒకే బల్ల చుట్టు కూర్చుందురు. ఒకడు కెనడావాడు, ఒకడు స్వీడనువాడు, ఒకడు ఆస్ట్రేలియావాడు. నేడు వారి నడుమ హైదరాబాదు నుండియో విజయవాడ నుండియో పోయిన తెలుగు యువకుడొకడు కనబడుటయు వింత కాదు. ఇట్టి గోష్ఠి ఏ దేశమున జరిగినను రెండు ప్రస్తావనలు రాక తప్పవు. మొదటిది, అడవిలో మృగముచేతనో పక్షిచేతనో కలిగిన పరాభవము. రెండవది, పరదేశపు రోడ్డు మీద కారు నడపబోయి పడిన అగచాట్లు.

ఇవి పొద్దుపోని వారి కబుర్లని తోసివేయువారు కలరు. అది న్యాయము కాదు. దారి ప్రక్కన నాటిన హెచ్చరిక పలకను చూచియు చూడనట్లు పోవు మనుష్యుడు, స్నేహితుడు నవ్వుచు చెప్పిన మాటను మాత్రము మరువడు. కావున ఈ నవ్వులాటయందు ఒక విద్య కలదు. అయితే ఆ విద్యకు ఒక నియమము కావలెను. నవ్వు చెప్పువాని మీద పడవలెను గాని, నోరులేని జంతువు మీద పడరాదు.

రోడ్డు సంగతియే మొదట చూతము. ఎడమ ప్రక్కన కారు నడుపు దేశము నుండి అమెరికాకు పోయినవాడు మలుపు తిరుగబోవుచు, ఇండికేటరు అనుకొని వైపరు మీట నొక్కును. ఆకాశమున మబ్బుతునక లేదు, అద్దము మీద వైపర్లు మాత్రము ఊగుచుండును. వెనుక కూర్చున్న మిత్రులు వానకు స్వాగతము చెప్పుదురు. ఈ హాస్యమునకు అందరును నవ్వుదురు, ఎందుచేతననగా ఇందు తప్పు చేసినవాడును కథ చెప్పువాడును ఒక్కడే. ఆ నవ్వు వెంటనే అనుభవజ్ఞుడు అసలు మాట అందించును: రద్దీ రోడ్డు మీద భయము లేదు, ముందు పోవు బండి దారి చూపును. పెట్రోలు బంకు నుండి బయటికి వచ్చునప్పుడు, ఎవ్వరును లేని రోడ్డున ప్రాతఃకాలమున బయలుదేరినప్పుడు, పాత అలవాటు మెల్లగా వచ్చి చేతులు పట్టుకొనును.

మహామహులకును ఈ చిక్కు తప్పలేదు. 1931 డిసెంబరులో విన్‌స్టన్ చర్చిల్ న్యూయార్కు నగరమున ఫిఫ్త్ అవెన్యూ దాటుచు, ఇంగ్లండు అలవాటు చొప్పున చూడవలసిన వైపు గాక వేరొక వైపు చూచి, కారు క్రింద పడి గాయపడెను. తప్పు తనదే యనియు, కారు నడిపినవానిది కాదనియు ఆయనయే చెప్పెను. ఆయన రాజకీయములను మెచ్చనివారు సైతము ఈ నడవడిని మెచ్చవచ్చును.

కుడియెడమలు మనుష్యులు ఏర్పరచుకొన్న కట్టుబాట్లు. వాటిని మార్చుకొనుటయు మనుష్యుల చేతిలోని పనియే. స్వీడను దేశమున 1955లో ప్రజాభిప్రాయము అడుగగా, నూటికి ఎనుబదిమందికి పైగా ఎడమ ప్రక్కనే యుందుమనిరి. అయినను 1967 సెప్టెంబరు 3వ తేదీ తెల్లవారుజామున 5 గంటలకు దేశమంతయు కుడివైపునకు మారినది. ఆ మరుసటి సంవత్సరము ఐస్‌లండు అదే చేసినది. 2009లో సమోవా దేశము కుడి నుండి ఎడమకు వచ్చినది. ఒక్క ఉదయమున ఒక దేశమే దారి మార్చుకొనగా, ఒక యాత్రికుడు తన వేగము తగ్గించుకొనలేడా?

ఈ ప్రశ్న అడుగవలసి వచ్చుటకు కారణము రెండవ తరగతి కథలు. స్వీడనువాడు మూస్ అను జంతువును గూర్చి చెప్పును. జింకజాతిలో దానిని మించినది లేదు. ఎదిగిన మగది 400 కిలోలకు పైగా తూగును. దాని కాళ్లు మిక్కిలి పొడవు. కారు తగిలినచో కాళ్లు విరిగి, ఆ మహాకాయము ముందు అద్దము మీదికే వచ్చి పడును. అందుచేతనే ఆ దేశమువారు హఠాత్తుగా అడ్డువచ్చిన దానిని తప్పించుకొనగలదా లేదా అని కార్లను పరీక్షింతురు. 1997లో జర్మనీ దేశపు క్రొత్త కారొకటి అట్టి పరీక్షలో బోల్తాపడి, లోకమంతట వార్త యైనది.

అది విని ఆస్ట్రేలియావాడు ఊరకుండునా? వాడు మొదట ‘పడుడు ఎలుగు’ను గూర్చి చెప్పును. అది చెట్టు మీద పొంచియుండి బాటసారి నెత్తిన దుముకునట. అట్టి జంతువు లోకమున లేదు. పరదేశులను ఆటపట్టించుటకు ఆ దేశమువారు కల్పించినది అది. క్రొత్తగా పోయినవాడు చెట్ల కొమ్మలవంక చూచుచు నడచుచుండును, నిజమైన ఆపద రోడ్డు ప్రక్కన గడ్డి మేయుచుండును. అదియే కంగారూ. ప్రొద్దు గ్రుంకు వేళలను, తెల్లవారు వేళలను అది మేతకు వచ్చును. దీపపు వెలుగు పడగానే ఎటు దుముకునో దానికే తెలియదు. కంగారూను చూచి కంగారుపడి చక్రము త్రిప్పినవాడు చెట్టును గ్రుద్దుకొనును. పెద్ద జంతువులను గుర్తించు యంత్రమును కార్లలో అమర్చిన స్వీడను దేశపు కంపెనీయొకటి, కంగారూ ఎగురునప్పుడు దూరముగను, దిగినప్పుడు దగ్గరగను తోచుటచేత తమ యంత్రము తికమకపడుచున్నదని 2017లో ఒప్పుకొన్నది. మూస్ దగ్గర నేర్చిన చదువు కంగారూ దగ్గర చెల్లలేదు. యంత్రమే తన లోపము దాచనప్పుడు, దానిని నడుపు మనుష్యుడు దాచుకొననేల?

కాని దాచుకొనుచునే యున్నాడు. ఆ దాపరికము మన మాటలోనే యున్నది. “జింక వచ్చి కారుకు తగిలినది” అందురు. వాక్యమున కర్త జింక. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో అడవి నడుమ దూసికొని పోయినవాడు ఆ వాక్యమున లేనేలేడు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, బండి నిలుపలేక మృగముది తప్పనుట ఇది.

న్యూజిలాండు కొండలలోని కీయా అను చిలుకను గూర్చి చెప్పు కథలకును ఇదే గతి. అది కారుపై వాలి, కిటికీ అంచుల రబ్బరును, వైపరు రబ్బరును ముక్కుతో పీకివేయును. ‘రౌడీ పక్షి’ యని అందరును నవ్వుదురు. అయితే రోడ్డు ప్రక్కన చేతితో రొట్టె పెట్టి దానిని మరిగించినది ఎవరు? ఆ మరగిన పక్షి కార్ల మధ్యనే తిరుగుచు, కార్ల క్రిందనే చచ్చుట కలదు. గొఱ్ఱెలను పొడుచుచున్నదని ఒకనాడు ప్రభుత్వమే తలకింత యని బహుమానము ప్రకటింపగా, లక్షకు పైగా కీయాలు హతమైనవి. 1986లో గాని వాటికి పూర్తి రక్షణ లభింపలేదు. నేడు మిగిలినవి కొన్ని వేలు మాత్రమే. రబ్బరు పోయినవాని కథను ఈ లెక్క ప్రక్కన నిలిపినచో, రౌడీ యెవరో తేలిపోవును.

అజ్ఞానము దయ వేషము వేసికొని వచ్చుటయు కలదు. 2016 మే నెలలో అమెరికాలోని ఎల్లోస్టోన్ వనమున కొందరు యాత్రికులు, అడవిదున్న దూడ చలికి బాధపడుచున్నదని తలచి, దానిని కారులో ఎక్కించుకొని వనపాలకుల కడకు తెచ్చిరి. దానిని మందలో కలుప ఎంత ప్రయత్నించినను మంద చేర్చుకొనలేదు. తుదకు వనాధికారులు దానిని చంపవలసి వచ్చినది. అడవిదున్నలకు 25 గజములు, ఎలుగులకు 100 గజములు ఎడముగా ఉండవలెనని అక్కడి నియమము. కారులో దున్నదూడ యన్న మాట వినగానే నవ్వు వచ్చును. కథ తుదవరకు విన్నవాడు నవ్వలేడు.

అట్లని నవ్వే వలదనుట కాదు. ఉపన్యాసముతో మారనివాడు పరిహాసముతో మారును. ‘నేను వేగముగా పోవుచుంటిని, అది తన దారిన అది వచ్చినది, బుద్ధి నాకు వచ్చినది’ అని చెప్పువాని కథలో నవ్వు తగ్గదు, పాఠము పెరుగును. కెనడాలోని బాన్ఫ్ వనమున జరిగినది ఇదియే. అచ్చట రహదారికి ఇరువైపుల కంచెలు వేసి, మృగములు దాటుటకు రోడ్డు పైన 6 వంతెనలు, క్రింద 38 మార్గములు కట్టిరి. ప్రమాదములు నూటికి ఎనుబది వంతులకు పైగా తగ్గినవి. మృగమునకు రోడ్డు నియమము నేర్పుట మాని, మనుష్యుడు మృగపు నియమము నేర్చినందుననే అది సాధ్యమైనది.

పరదేశపు కథలను ఇంటికి తెచ్చు తెలుగు యువకునకు ఈ విద్య ఉపయోగపడు తావు ఇంటి దగ్గరనే కలదు. శ్రీశైలము పోవు దారి నల్లమల పులుల అడవిగుండ పోవుచున్నది. రాత్రివేళ అక్కడ బండ్ల రాకపోకలపై కట్టడి కలదు. గేటు మూతపడకముందే దాటవలెనని ప్రొద్దు గ్రుంకు వేళ బండిని పరుగెత్తించువారు ఎందరో. మృగములు మేతకు, నీటికి కదలు వేళయు అదియే. ఆస్ట్రేలియాలో సంధ్యవేళ వేగము తగ్గించిన చేయి, మన్ననూరు దాటగానే ఆ పాఠము మరచినచో, అంత దూరము పోయి నేర్చినదేమి? మజిలీ యింటిలో నవ్విన నవ్వు నల్లమలలో బండి వేగము తగ్గించిననాడే సార్థకము.